బిగించాక మొరాయించే కారు

పొద్దున విప్పేముందు బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. మధ్యాహ్నం పని ముగించి, బానెట్ దించి, చేతులు తుడుచుకుని తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు. ఆపైన ఏమీ లేదు. సొంతంగా కారు పని చేసుకునే అలవాటున్న వాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఘట్టమే ఇది. ఆ క్షణంలో ముందు దేన్ని అనుమానించాలన్న ప్రశ్నకు మెకానిక్ షెడ్డులో ఒక జవాబు ఉంది, ఇంజినీరింగ్ పాఠంలో ఇంకొకటి ఉంది, స్కానర్ చేతిలో ఉన్నవాడి దగ్గర మూడోది ఉంది. మూడూ ఒకదానితో ఒకటి పొసగవు.

ఈ చిక్కు మన తర్కశాస్త్రానికి పాత పరిచయమే. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలడంవల్లే రాలిందా, రాలే పండు మీదే కాకి వాలిందా? కాకతాళీయ న్యాయం అనుకుని నా పనికీ దీనికీ సంబంధం లేదని చేతులు దులుపుకోవచ్చు. లేదా పొద్దున బాగున్నది మధ్యాహ్నం చెడిందంటే మధ్యలో దూరిన చెయ్యే కారణమని తేల్చేయవచ్చు. ఈ రెండు కొసల మధ్య వందేళ్లలో పేరుకున్న వాదాలను ఒకచోట పరిచి చూడటం ఈ వ్యాసం పని.

హ్యాండిల్ నాటి మూడు ప్రశ్నలు

మనం ఇవాళ్టికీ ‘సెల్ఫ్ కొట్టు’, ‘సెల్ఫ్ తీసుకోవట్లేదు’ అంటాం. ఆ మాట సెల్ఫ్ స్టార్టర్ నుంచి మిగిలిన ముక్క. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్‌ను 1912 మోడల్ కాడిలాక్ కార్లలో బిగించారు. అంతకుముందు ఇంజన్‌ని చేత్తో, హ్యాండిల్ పెట్టి తిప్పేవారు. తిప్పేది మనిషే కాబట్టి, తిరగడం లేదన్న అనుమానానికి చోటు లేదు. పెట్రోలు వస్తోందా, మంట పడుతోందా, కంప్రెషన్ ఉందా అన్న మూడు ప్రశ్నలతో కథ ముగిసేది.

మన రోడ్ల మీద అంబాసిడర్, పద్మిని ఏలిన కాలమంతా ఈ మూడు ప్రశ్నలే నడిచాయి. పాయింట్లు గరుకు కాగితంతో రుద్దడం, కార్బురేటర్ జెట్టు నోటితో ఊదడం, ప్లగ్గు తీసి ఇంజన్‌కి ఆనించి నిప్పురవ్వ చూడటం యజమానికీ డ్రైవరుకీ వచ్చిన విద్యలే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా చాలాకాలం కార్బురేటర్‌తోనే నడిచింది. 2000 ప్రాంతంలో కాలుష్య ప్రమాణాలు బిగుసుకోవడంతో ఇంధన ఇంజెక్షన్, దాన్ని నడిపే కంప్యూటర్ మామూలు కార్లలోకి దిగాయి.

అప్పటి నుంచి పాత మూడు ప్రశ్నలకు నాలుగోది తోడైంది: అనుమతి ఉందా? పెట్రోలు, మంట, కంప్రెషన్ అన్నీ సవ్యంగా ఉన్నా, తాళంలోని చిన్న చిప్‌ని ఇమ్మొబిలైజర్ గుర్తించకపోతే కంప్యూటర్ ఇంజన్‌ని నడవనివ్వదు. క్లచ్ పెడల్ అడుగుదాకా తొక్కితే తప్ప సెల్ఫ్ తిరగని కార్లు వచ్చాయి. పెడల్ కింద మందపాటి కొత్త మ్యాట్ పరిస్తే చాలు, స్విచ్ పూర్తిగా నొక్కుకోక బండి మొరాయిస్తుంది. మ్యాట్ మార్చడాన్ని రిపేరని ఎవరూ అనుకోరు కాబట్టి అటువైపు ఎవరి చూపూ పోదు.

మరమ్మతే జబ్బు తెస్తుందా?

మరమ్మతు తర్వాతే ఎందుకు చెడుతుందన్న ప్రశ్నను లెక్కలతో అడిగింది కార్లవాళ్లు కాదు, విమానాలవాళ్లు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ కోస్టల్ కమాండ్‌కు చెందిన లిబరేటర్ విమానాల రికార్డులను జీవశాస్త్రవేత్త సి.హెచ్. వాడింగ్టన్, ఆయన తోటివాళ్లు పరిశీలించారు. ప్రతి 50 గంటల ఎగురుడుకీ ఒక తనిఖీ జరిగేది. తనిఖీ తర్వాత కొన్నాళ్లు ఇబ్బందులు తగ్గి, తర్వాతి తనిఖీ దగ్గరపడే కొద్దీ పెరగాలి. రికార్డులు మాత్రం తిరగబడి కనిపించాయి: తనిఖీ అయిన వెంటనే లోపాలు ఎక్కువ, గంటలు గడిచే కొద్దీ తక్కువ. బాగున్నదాన్ని విప్పి బిగించడమే కొంత చెరుపు చేస్తోందని తేలింది. వాడింగ్టన్ ఈ సంగతులతో రాసిన పుస్తకం 1973లో వెలువడింది.

1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నోలన్, హీప్ అనే ఇంజినీర్లు ఇచ్చిన నివేదిక ఇంకో కోణం చూపింది. వాళ్లు చూసిన విమాన భాగాల్లో 68 శాతం కొత్తగా బిగించిన తొలిరోజుల్లోనే ఎక్కువగా చెడి, ఆ గండం గడిచాక నిలకడగా నడిచే రకం. కొత్త భాగం అంటే మంచి భాగం అన్న మన నమ్మకానికి ఇది గండి కొడుతుంది. నకిలీ స్పేర్ల బెడద ఉన్న మన బజారులో ఆ గండి ఇంకొంచెం పెద్దదే.

విప్పడం కంటే బిగించడం ఎందుకు కష్టమో మాంచెస్టర్‌లో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన జేమ్స్ రీజన్ ఒక చిన్న ఉదాహరణతో చూపాడు. ఒక బోల్టుకి గుర్తులు పెట్టిన 8 నట్లు వరసగా ఎక్కించి ఉన్నాయనుకోండి. వాటిని తీయడానికి ఒకటే వరస. తిరిగి ఎక్కించడానికి 40,320 వరసలు, అందులో సరైనది ఒక్కటే. విప్పేటప్పుడు వస్తువే దారి చూపుతుంది. బిగించేటప్పుడు మన జ్ఞాపకమే దిక్కు. రాబర్ట్ పిర్సిగ్ 1974 నాటి మోటార్‌సైకిల్ నవలలో, విప్పిన వరసను నోటుబుక్కులో రాసుకోవాలనీ, నేల మీద న్యూస్‌పేపర్ పరిచి భాగాలను ఆ వరసలోనే పేర్చుకోవాలనీ చెప్పింది ఈ జబ్బుకే. ఇప్పుడు ఆ పని ఫోన్ కెమెరా చేస్తుంది, విప్పకముందే తీస్తే.

ఈ ఆధారాలను కార్లకు ఉన్నపళంగా అతికించడంలో ఒక పేచీ ఉంది. విమానాన్ని తనిఖీకి విప్పినప్పుడు అది బాగానే ఉంది. ఇంటి కారుని విప్పేది ఏదో ఒకటి అప్పటికే తేడా చేశాక. పాత జబ్బు తాలూకు మిగులు, కొత్త చేతి తప్పు ఒకే చప్పుడుగా వినిపించడం కార్ల విషయంలోనే ఎక్కువ.

చివరగా చెయ్యి పెట్టినచోటే చూడు

షెడ్డుల్లో బలంగా పాతుకున్న పక్షం ఇది. ‘నువ్వేం ముట్టుకున్నావో అక్కడే చూడు’ అనే మాటలో అనుభవం ఉంది, వాడింగ్టన్ లెక్కల మద్దతూ ఉంది. అయితే ఈ సూత్రాన్ని పాటించేవాళ్లు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. మార్చిన భాగాన్ని మాత్రమే మళ్లీ చూస్తారు. ప్లగ్గులు మార్చితే ప్లగ్గులు, ఫిల్టర్ మార్చితే ఫిల్టర్. తప్పు దొరకదు. దాంతో సూత్రమే తప్పని తేల్చేస్తారు.

నిజానికి మనిషి దృష్టంతా మార్చే భాగం మీదే ఉంటుంది కాబట్టి అది ఒద్దికగానే బిగుస్తుంది. తప్పు జరిగేది అక్కడికి చేరుకోవడానికి పక్కకి జరిపిన వాటి దగ్గర. ఎయిర్ ఫిల్టర్ డబ్బా లేపడానికి లాగిన సెన్సర్ కనెక్టర్ తిరిగి ఎక్కినట్టే కనిపించి ‘క్లిక్’ అనదు. ప్లగ్గు కోసం ఊడదీసిన కాయిల్స్ కనెక్టర్లలో ఒకటి వదులుగా ఉండిపోతుంది. పాతకాలం డిస్ట్రిబ్యూటర్ బండి అయితే వైర్లు 1-3-4-2 వరస తప్పి వేరే సిలిండర్లకు పోతాయి. మ్యూజిక్ సిస్టం బిగించేటప్పుడు వైరు బాడీకి తగిలి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆ ఫ్యూజు మీదే వేరే ముఖ్యమైన సర్క్యూట్ కూడా ఉందని బాక్సు మూత మీది బొమ్మ చూస్తే గానీ తెలియదు.

వీటన్నిటిలో చూడదగింది ఇంజన్ ఎర్త్ పట్టీ కథ. క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించినప్పుడు, ఇంజన్‌ని బాడీకి కలిపే అల్లిక రాగి పట్టీని విప్పుతారు. తిరిగి బిగించడం మర్చిపోతే బాడీ మీది దీపాలు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. సెల్ఫ్ కొట్టగానే మాత్రం నూటయాభై ఆంపియర్ల కరెంటు వెనక్కి పోయే దారి వెతుక్కుంటుంది. దారి లేక సన్నని యాక్సిలరేటర్ కేబులో గేరు కేబులో పట్టుకుంటుంది. కేబుల్ తొడుగు వేడెక్కి పొగ వస్తుంది. యజమాని కేబుల్ పాడైందనుకుని దాన్ని మారుస్తాడు. రెండో కేబులూ అలాగే కాలిన తర్వాత గానీ పట్టీ గుర్తుకు రాదు.

విప్పుకుంటూ వెళ్లిన దారితో పాటు, పనికి పట్టిన వ్యవధినీ లెక్కలోకి తీసుకోవాలి. తలుపు తెరిచి ఉంచి, లోపలి లైటు వెలుగుతూ, తాళం ఆన్‌లో పెట్టి, పాటలు వింటూ మూడు గంటలు పనిచేస్తే సగం వయసు దాటిన బ్యాటరీ ఆ సాయంత్రానికి చేతులెత్తేస్తుంది. చేసిన పనిలో తప్పేమీ లేదు, చేయడానికి పట్టిన సమయమే తప్పు. భాగం దొరక్క బండి వారంరోజులు నిలబడితే ఎలుకలు బానెట్ కింద కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. ఇది కాకతాళీయమా, మరమ్మతు ఫలితమా అని వాదించవచ్చు. ఈ వ్యాసకర్త లెక్కలో మాత్రం ఇదీ మరమ్మతు ఖాతాలోదే: బండి నడుస్తూ ఉంటే ఎలుక చేరేది కాదు.

ఏ నమ్మకమూ లేకుండా మొదటి నుంచి

రెండో పక్షం వాళ్లకి నిన్న ఏం చేశారన్నది అక్కర్లేదు. బండి ఇప్పుడు ఏం చెబుతోందో అదే సాక్ష్యం. చెప్పేవాడి జ్ఞాపకం, అతని అహం రెండూ విచారణను పక్కదారి పట్టిస్తాయన్నది వీళ్ల మాట. అందులో నిజముంది. అంతా సరిగ్గానే బిగించానని చెప్పే మనిషి అబద్ధం చెప్పడు, కానీ నిజం చెబుతున్నట్టూ కాదు.

వీళ్ల మొదటి పరికరం చెవి. తాళం తిప్పితే అసలు చప్పుడే లేకపోతే బ్యాటరీ, తాళం స్విచ్, క్లచ్ స్విచ్, గేరు స్థానం వైపు పోవాలి. టక్‌మని ఒక్కసారే కొడితే, లేదా టకటకలాడితే బ్యాటరీ బలం, టెర్మినళ్లు, ఎర్త్, సెల్ఫ్ మోటార్. ఇంజన్ గిరగిరా తిరుగుతూ అందుకోకపోతే పెట్రోలు, మంట, టైమింగ్, సెన్సర్లు. అందుకుని రెండు సెకన్లలో ఆగితే ఇమ్మొబిలైజర్, గాలి లీకు, ఇంధన ఒత్తిడి. డాష్‌బోర్డు మీద తాళం గుర్తు మెరుస్తోందా అన్నది ఈ చప్పుళ్లతో పాటే చూసుకోవాలి.

రెండో పరికరం మల్టీమీటర్. ఇక్కడే ఇంటి మెకానిక్కులు ఎక్కువగా బోల్తా పడతారు. బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, అంటే నిండుగా ఉందని అర్థం. లావు కేబుల్ ఆ చివరా ఈ చివరా ఓమ్స్‌లో పెడితే దాదాపు సున్నా. కేబుల్ బాగుందని వదిలేస్తారు. మీటరు ఆ కొలతకి పంపే కరెంటు చాలా స్వల్పం. తెగిన కేబుల్లో ఒక్క పోగు మిగిలినా దానికి చాలు. సెల్ఫ్ అడిగేది నూటయాభై ఆంపియర్లు. టెర్మినల్ మీది తెల్లపొడి, వదులు క్లాంపు కలిసి 0.02 ఓమ్‌ల అడ్డు పెట్టాయనుకుందాం. మీటరు వైర్ల సొంత నిరోధమే అంతకంటే ఎక్కువ కాబట్టి అది కంటికి ఆనదు. గుణిస్తే 3 వోల్టులు. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ఎలాగూ పది, పదిన్నరకి దిగుతుంది. అందులో మూడు దారిలోనే పోతే మోటారుకు మిగిలేది ఏడున్నర. టక్‌మంటుంది తప్ప తిరగదు.

అందుకే కొలత సెల్ఫ్ కొడుతుండగానే తీయాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటరు ఒక కొసని బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, రెండోది ఇంజన్ లోహం మీద ఆనించాలి. క్లాంపు మీద కాదు, మధ్యలోని సీసం పోల్ మీదే. క్లాంపు మీద పెడితే పోల్‌కీ క్లాంపుకీ మధ్య ఉన్న తప్పు లెక్కలోకి రాదు. 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే అక్కడే ఆగి విప్పి, రుద్ది, బిగించాలి. కొత్త బ్యాటరీ పోల్ కొంచెం సన్నగా ఉండి పాత క్లాంపు పైకి గట్టిగా, లోపల వదులుగా కూర్చోవడం మామూలే. చేత్తో తిప్పితే క్లాంపు కదిలిందంటే మీటరు కూడా అక్కర్లేదు.

డీజిల్ బండ్ల సంగతి వేరు. ఫిల్టర్ మార్చాక లైన్లో గాలి పట్టి స్టార్ట్ కాకపోవడం అక్కడ అన్నిటికంటే మామూలు కారణం. హ్యాండ్ పంపు గట్టిపడే దాకా నొక్కి గాలి తీస్తే సరిపోతుంది. పాత డీజిళ్లలో ఇంజెక్టర్ పైపు నట్లు వదులు చేసి గాలి తీసినట్టు కామన్ రైల్ బండ్లలో చేయబోతే ప్రాణం మీదికి వస్తుంది, ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. టైమింగ్ బెల్ట్ మార్చినవాళ్లు తాళం ముట్టకముందే పానాతో క్రాంకుని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. మధ్యలో గట్టిగా ఆగితే బలవంతం చేయకూడదు. వాల్వు పిస్టన్‌కి తగులుతోందేమో.

స్కానర్ చెప్పిందే వేదమా?

అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, స్కానర్ తగిలించే ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరైంది. మనదేశంలో 2010, 2013 నుంచి దశలవారీగా ఆ పద్ధతి వచ్చింది. ఇప్పుడు వెయ్యి రూపాయలకీ స్కానర్ దొరుకుతోంది. దాంతో మూడో పక్షం పుట్టింది: ఊహలు మాని, కారు కంప్యూటర్ చూపే లోపం కోడ్ చదవండి.

కోడ్ చదవడం మంచిదే. చదివినదాన్ని అర్థం చేసుకోవడం దగ్గర తగాదా. పీ0335 వచ్చిందంటే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ పోయిందని చాలామంది కొత్తది కొంటారు. ఆ కోడ్ చెప్పేది సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే. ఇంటి రిపేరు తర్వాత అదే కోడ్ వస్తే సెన్సర్ చచ్చిపోవడం కంటే కనెక్టర్ సరిగ్గా ఎక్కకపోవడానికే అవకాశం ఎక్కువ. వదులు టెర్మినల్‌కి కోడ్ ఉండదు. కంప్యూటర్‌కే కరెంటు అందకపోతే స్కానర్‌కి జవాబే రాదు. ఆ మౌనం కూడా ఒక జవాబే: కంప్యూటర్ ఫ్యూజు, ఎర్త్ చూడమని. పనిలో బ్యాటరీ విప్పితే పాత కోడ్లు చెరిగిపోయి ఉండొచ్చు కూడా. అందుకే విప్పకముందు ఒకసారి చదివి రాసుకోవడం ఈ పక్షంవాళ్లు నేర్పిన అసలైన మంచి అలవాటు.

‘మార్చి చూద్దాం’

నాలుగోది సిద్ధాంతం కాదు, ఆచారం. ఒక్కో భాగం మార్చుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న హారన్ రిలేని పెట్రోలు పంపు రిలే స్థానంలో పెట్టి చూడటం లాంటి ఖర్చు లేని మార్పిడికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. మూడు వేల సెన్సర్ విషయంలోనే పేచీ. పైగా మార్చిన ప్రతిసారీ రీజన్ నట్లు మళ్లీ కలగాపులగం అవుతాయి, కొత్త దారి విప్పుకుంటుంది. మూడు మార్పిడుల తర్వాత మొదటి తప్పు ఏదో, తర్వాత తెచ్చిపెట్టుకున్నది ఏదో చెప్పడం ఏ మెకానిక్ తరం కాదు. మన ఊళ్లలో మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్, బ్యాటరీ షాపు మూడు వేరువేరు గడపలు. విజయవాడ ఆటోనగర్‌లో అవన్నీ పక్కపక్కనే ఉన్నా విద్యలు మాత్రం విడివిడివే. ఒక గడప నుంచి ఇంకో గడపకి తోసేకొద్దీ ఈ ఆచారమే రాజ్యమేలుతుంది.

పోల్చి చూస్తే

మొదటి పక్షానికి ఖర్చు లేదు, వేగం ఉంది, జ్ఞాపకం మీద ఆధారపడటం దాని బలహీనత. రెండోదానికి మీటరు, ఓపిక, తోడుగా ఇంకో మనిషి కావాలి, బదులుగా రుజువు దొరుకుతుంది. మూడోది ఇంజన్ తిరుగుతూ అందుకోని బండికి పనికొస్తుంది, టక్‌మనే బండికి దాదాపు పనికిరాదు. నాలుగోది జేబుని బట్టి. కాబట్టి వీటిని పోటీదార్లుగా చూడటమే తప్పనిపిస్తుంది. ముందు చెవితో విని ఏ సందులోకి పోవాలో తేల్చుకోవాలి. ఆ సందులో తను విప్పిన దారి ఎక్కడ తగిలితే అక్కడ చేత్తో తడిమి చూడాలి. అక్కడ ఏమీ దొరక్కపోతేనే మీటరో స్కానరో. విన్నదానికీ విప్పినదానికీ ఎక్కడా పొత్తు కుదరకపోతే అప్పుడు కాకతాళీయం గుర్తుకు తెచ్చుకోవచ్చు. ఉదాహరణకు బ్రేకు ప్యాడ్లు మార్చిన బండి గిరగిరా తిరుగుతూ అందుకోకపోతే, చేతి తప్పు కంటే పెట్రోలు పంపుకి వయసైపోయిందని అనుకోవడమే న్యాయం.

తేలని సంగతులు

సొంతంగా పని చేసుకునేవాళ్లు ఎక్కడ ఆగి షెడ్డుకి పోవాలన్నది ఇంకా తేలలేదు. అమెరికాలో గంటకి మెకానిక్ కూలీ చూసి ఇంటి ముందే పానా పట్టిన తెలుగువాళ్లకీ, వీధి చివర షెడ్డు ఉన్న తెనాలి మనిషికీ ఒకటే గీత గీయలేం. వారంటీలో ఉన్న బండి సంగతి వేరే.

సమాచారం ఎవరిదన్న తగాదా అంతకంటే పెద్దది. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు 2012లో, మళ్లీ 2020లో వాహన మరమ్మతు సమాచారం బయటివాళ్లకీ ఇవ్వాలని ఓటేశారు. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. అందులో వాహనాల రంగమూ ఉంది. మరోవైపు, సైబర్ భద్రత పేరుతో స్కానర్ ఆజ్ఞలకు తాళం వేసే కార్లు వస్తున్నాయి. కొత్త భాగాన్ని కంప్యూటర్‌కి పరిచయం చేస్తే తప్ప బండి కదలని చోట, సరిగ్గా బిగించినా స్టార్ట్ కాదు. ఆ తప్పు చేతిదా, కంపెనీదా?

ఇక విద్యుత్ కార్లు. వాటిలోనూ పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటుంటుంది. పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్చులు దాని కరెంటుతోనే మూసుకుంటాయి. నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎవరూ పోకపోయినా, ఆ చిన్న బ్యాటరీ మార్చుకునేవాళ్లు ఉంటారు. క్లాంపు వదులైతే నిండా ఛార్జింగ్ ఉన్న కారు కూడా రాయిలా నిలబడుతుంది. అక్కడ సెల్ఫ్ లేదు, టక్ లేదు, టకటక లేదు. చెవితో మొదలుపెట్టే విద్యకి ఆ బండి ముందు వినడానికేమీ ఉండదు.